ముసుగు బండిని చూసి మురువకుర్రి

జాతీయ రహదారి 163 మీద నలుపు తెలుపు గీతల స్టిక్కర్లు కప్పుకొని కారు పోతే, అది ఇంకా మార్కెట్లకు రాని టెస్టు బండి. హ్యుందాయ్ ఇంజినీరింగ్ సెంటర్ హైదరాబాద్‌లనే ఉన్నది. ఆ గీతలెందుకు? బండి వంపులు కంటికి, కెమెరాకు అందొద్దని.

చూసి పసిగట్టేది కొంతే. పొగగొట్టం లేకుంటే ఎలక్ట్రిక్ కావచ్చు. సైడు అద్దం కింద కెమెరా ఉంటే చుట్టూ చూపెట్టే సౌలతు ఉండొచ్చు. చిన్న ఎస్‌యూవీ అయితే పొడుగు ఎక్కువగ 4 మీటర్ల లోపే. దానికి కారణం పన్ను. 2025 సెప్టెంబర్ 22 నుంచి 4 మీటర్లు, పెట్రోల్ 1200 సీసీ, డీజిల్ 1500 సీసీ దాటని కార్లకు జీఎస్టీ 18 శాతం. దాటితే 40. ఎలక్ట్రిక్‌కు 5.

ముసుగు చెప్పనియి మూడు: ధర, మైలేజ్, గుద్దుకుంటే పాణం నిలుస్తదా లేదా. భారత్ ఎన్‌క్యాప్ స్టార్లు చూడకుంట ఆఖరుది తెల్వది.

తమ్ముడూ, 'అగ్గువకే వస్తదట' అన్న పుకారు నమ్మి నాయిన పత్తి పైసలను కిస్తీలకు మళ్లియ్యకు. వీడియో కోసం బైకు మీద ఎంటపడకు. ఊహల ముచ్చట కంపెనీకి పైస ఖర్చులేని ప్రచారం. కిస్తీ మాత్రం మన ఇంటికి ఏండ్ల బరువు. ముసుగు తీసినంక రేటు అడుగు, స్టార్లు చూడు, అప్పుడు ఆలోచన చెయ్యి.