యంత్రగణితమునఁ జలరాశులు

బాలవ్యాకరణమున సంధికార్యము ఒక్కొక్క పదమునకు వేఱుగఁ జెప్పఁబడక పరుషములు, సరళములు అను సంజ్ఞలతోఁ జెప్పఁబడినది. అందువలననే యొక్క సూత్రము లెక్కకు మీఱిన పదములకుఁ జాలుచున్నది. యంత్రముచే లెక్కలు చేయింపఁ బూనినవారికిని నిట్టి సౌకర్యమే కావలసివచ్చెను.

ఇంగ్లండున చార్లెసు బాబేజి కల్పించిన ఎనలిటికల్ ఇంజను అను గణనయంత్రము పూర్తిగా నిర్మింపఁబడలేదు. కాని దాని పద్ధతి గ్రంథస్థమైనది. మెనబ్రేయా 1842లో ఫ్రెంచి భాషలో దానిని వర్ణించి వ్యాసము వ్రాసెను. ఏడా లవ్‌లేసు 1843లో నా వ్యాసము నాంగ్లీకరించి, మూలముకంటె దీర్ఘములైన వ్యాఖ్యలను జేర్చెను.

జకార్డు మగ్గమునఁ జిల్లుల అట్టలు ఏ పోఁగులు లేవవలయునో నిర్ణయించును. బాబేజి యాయుపాయమునే కైకొని, అట్టలను రెండు తెగలు చేసెను. మొదటితెగ యట్టలు కూడుము, తీసివేయుము, గుణింపుము, భాగింపుము అని క్రియను మాత్రమే చెప్పును. రెండవతెగ యట్టలు ఏ స్తంభమునుండి సంఖ్యను గొనవలయునో, ఫలము నెచట నుంచవలయునో తెలుపును. ఆ స్తంభములకే చలరాశులని పేరు. క్రియను జెప్పు నట్టలందు సంఖ్యలుండవు గావున, స్తంభములమీఁది సంఖ్యలు మాఱినను నా యట్టలే చెల్లును.

భాస్కరాచార్యుని బీజగణితమునందలి యావత్తావత్తు, కాలకము, నీలకము అను నవ్యక్తములతో దీని నొక్కటిగాఁ జేయరాదు. అవ్యక్తము వెదకి తెలిసికొనఁదగినది. యంత్రమునందలి చలరాశి పాత్రవంటిది. దానియందు ముందుగా విలువ నుంచినఁగాని పని సాగదు.

పాత్ర యొక్కటియైనను లోనివస్తువు మాఱుచుండును. బెర్నూలీ సంఖ్యలను గణించుటకు లవ్‌లేసు కూర్చిన పట్టికలో నాలుగవ, ఐదవ స్తంభములందు మొదట 8 ఉండును. పిదప నాలుగవదానినుండి 1 తీయఁగా 7, ఐదవదానికి 1 కలుపఁగా 9 అగును. విలువ యెన్నవమాఱు మాఱినదో తెలియుటకై యామె చలరాశి యక్షరమున కెడమవైపునఁ బైభాగమునఁ జిన్న యంకె నుంచెను. ఇంత జాగ్రత్త కలిగియు, నచ్చుపడిన పట్టికలో నాలుగవ క్రియయందొక దోషము నిలిచినది. 7ను 9చే భాగింపవలసినచోట నైదవ స్తంభమును నాలుగవదానిచే భాగింపుమని యున్నది. ఫలస్థానమున మాత్రము సరియైన భిన్నమే కలదు. పాఠపరిష్కర్త దానిని జూచి దిద్దుకొనును. అట్టల ననుసరించు యంత్రమో, తొమ్మిదింట నేడవ వంతులనే యిచ్చి, తక్కిన గణనమునంతయుఁ జెఱచును.

నేఁటి కంప్యూటర్లందును గార్యక్రమ మొక్కసారి వ్రాయఁబడి, పేరు, తేది, మార్కులు మొదలగునవి చలరాశులద్వారా యందింపఁబడుచున్నవి. విలువ నందింప మఱచినఁ గొన్ని పద్ధతులు పనిని నిలిపివేయును. కొన్ని యాచోటు శూన్యమని భావించి ముందునకుఁ బోవును. విద్యార్థి పేరులేని పత్రము వెలువడిన మరలఁ దీయవచ్చును. ఫలానా సంపుటములోని ప్రతులను దుడిచివేయుమను నాజ్ఞలో సంపుటనామము శూన్యమైనచో, నాజ్ఞ వ్రాయఁబడిన తీరునుబట్టి తక్కిన సంపుటములును జెడవచ్చును. అందుచే నెఱిఁగినవారు మొదటి క్రియకుఁ బూర్వమే, కావలసిన విలువలన్నియు వచ్చినవో లేవో పరీక్షించు వాక్యమును జేర్చుచున్నారు.