రేకెంత? గింజలెన్ని?

జనగామ జిల్లాలోని పెంబర్తి ఇత్తడి పనికి పేరెన్నికగన్న గ్రామము. అచటి పనివాడు రేకును సుత్తెతో సాగగొట్టి కలశముగా మలచునపుడు రెండు ప్రశ్నలు పుట్టును. దీనికి రేకెంత కావలెను? ఇందులో నీరెంత పట్టును? మొదటిది ఉపరితల వైశాల్యము, రెండవది ఘనపరిమాణము. అదే జిల్లాలోని జఫర్‌గఢ్ బాలుడైనను, మరి యే యూరి బాలుడైనను ఈ రెంటిని సూత్రములుగా వల్లించి, పరీక్షనాడు ఒకదానికి మారుగా మరియొకటి వ్రాసి వచ్చుట కలదు. లోపము బాలుని బుద్ధిలో నున్నదా, బోధించిన వరుసలో నున్నదా?

44 సెంటీమీటర్ల పొడవు, 22 సెంటీమీటర్ల వెడల్పు గల అట్టలు రెండు తీసికొనుడు. ఒకదానిని పొడవు అంచు చుట్టుకొలత యగునట్లు, రెండవదానిని వెడల్పు అంచు చుట్టుకొలత యగునట్లు గొట్టములుగా చుట్టి, పళ్లెములో నిలువబెట్టుడు. ఏది యెక్కువ గింజలు పట్టునని పిల్లల నడుగుడు. “అట్ట సమానమే గదా, గింజలును సమానమే” యని కొంద రందురు. కొందరు పొడవైనదానిని చూపుదురు. బియ్యము పోసి చూచినచో పొట్టి గొట్టము రెట్టింపు పట్టును. వక్రతల వైశాల్యము రెంటికిని 968 చదరపు సెంటీమీటర్లే. వ్యాసార్ధములు మాత్రము 7, 3.5 సెంటీమీటర్లు, ఘనపరిమాణములు 3388, 1694 ఘనపు సెంటీమీటర్లు. అడుగు వైశాల్యము నాలుగు రెట్లు కాగా, ఎత్తు సగమే తగ్గినది.

తరగతిలోని పిల్లలందరు ఒక్క తీరున నుండరు. ఇంట లంబాడీ మాటాడు తండా బాలికకు ‘ఘనపరిమాణ’మను మాట క్రొత్త కావచ్చును, మానికతో గింజలు కొలుచుట క్రొత్త కాదు. చూపులేని బాలుడు నల్లబల్లపై బొమ్మను చూడజాలడు. కాని గొట్టము అంచున వ్రేలు త్రిప్పి చుట్టుకొలతను, అరచేత నిమిరి వక్రతలమును ఎరుంగును. వ్రాతలో వెనుకబడినవాడు కొలతలో ముందుండవచ్చును. చురుకైనవానిని ఊరక కూర్చుండబెట్టక, “సరిగా రెట్టింపే యేల?” యని యడుగవలెను. దారులు వేరైనను అందరును ఒక్క సూత్రమునకే చేరవలెను. వెనుకబడినవానికి తేలిక లెక్క యిచ్చి విడుచుట దయ కాదు.

పిదప ఒకే అడుగు, ఒకే ఎత్తు గల శంకువును, స్థూపమును చేయించుడు. శంకువుతో మూడు మారులు ఇసుక పోసినచో స్థూపము నిండును. ఇది నిరూపణము కాదు. నిరూపణము పై తరగతులలో వచ్చును. కాని కన్నది మరపునకు రాదు. క్రీ.శ. 499 నాటి ఆర్యభటీయము పిరమిడ్ ఘనపరిమాణమునకు అడుగు వైశాల్యమును ఎత్తుచే గుణించి సగము చేయుమన్నదని పండితుల సామాన్యాభిప్రాయము. సరియైనది మూడవ వంతు. 628లో బ్రహ్మగుప్తు డది చెప్పెను. అంతటి ఆర్యభటుడే తడబడిన చోట తడబడిన పిల్లవానిని మొద్దని పిలుచుటకు మనకు హక్కు లేదు. వానికి కావలసినది మరియొక మారు కొలిచి చూచు అవకాశము.

కావున, ఉపాధ్యాయులారా, సూత్రమును బల్లపై చివర వ్రాయుడు. విద్యార్థులారా, లెక్క చేయబోవుటకు ముందు మిమ్ము మీరే ప్రశ్నించుకొనుడు: ఇచట అడిగినది రేకా, గింజలా?