బాక్సర్ల అజేయ రికార్డు: విలువ, పరిమితులు

వ్యాససంగ్రహం:
వృత్తి బాక్సింగ్‌లో ఒక్క ఓటమి కూడా లేని రికార్డును గొప్పతనానికి కొలమానంగా భావించడం పరిపాటి. ఈ భావన ఎలా ఏర్పడింది, అది ఎంతవరకు నమ్మదగినది అన్న అంశాలను కొందరు ప్రసిద్ధ బాక్సర్ల క్రీడాజీవితాల ఆధారంగా పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: వృత్తి బాక్సింగ్, అజేయ రికార్డు, ప్రత్యర్థి ఎంపిక, ఓటమి, క్రీడాచరిత్ర.

1. ఉపోద్ఘాతం:
పోటీకి ముందు బాక్సరును పరిచయం చేసేటప్పుడు పేరుతోపాటు అతని గెలుపులు, ఓటములు, డ్రాలు, నాకౌట్ల సంఖ్యలనూ ప్రకటిస్తారు. ఓటముల స్థానంలో సున్నా ఉన్న బాక్సరుకు ప్రత్యేక గౌరవం లభిస్తుంది. ఇతరత్రా లేమికి గుర్తయిన సున్నా ఇక్కడ సంపదకు గుర్తు. అయితే ఆ సున్నా బాక్సరు సామర్థ్యాన్ని తెలుపుతుందా, లేక అతను ఎదుర్కొన్న ప్రత్యర్థుల స్థాయిని మాత్రమే తెలుపుతుందా అన్నది ప్రశ్న.

2. సున్నాకు విలువ ఏర్పడిన తీరు:
లీగు పద్ధతిలో జరిగే క్రీడలలో ఎవరు ఎవరితో ఆడాలో ముందే నిర్ణయమై ఉంటుంది. వృత్తి బాక్సింగ్‌లో అటువంటి ఉమ్మడి పట్టిక లేదు. ప్రత్యర్థి, వేదిక, బరువు, పారితోషికం అన్నీ ఒప్పందాల ద్వారా తేలుతాయి. పైగా ప్రధానమైన సంస్థలు నాలుగు ఉండటంవల్ల ఒకే బరువు విభాగంలో ఒకేసారి పలువురు ఛాంపియన్లు ఉండవచ్చు. ఈ గందరగోళంలో ప్రేక్షకునికి సులభంగా అర్థమయ్యేది సున్నా ఒక్కటే. కనుకనే అది బేరానికి బలమవుతుంది. దానిని కాపాడేందుకు ప్రమోటర్లు బలహీనులైన ప్రత్యర్థులను వెదకడమూ కద్దు. కొత్తవాడిని క్రమంగా తీర్చిదిద్దడానికి తొలిదశలో ఇది అవసరమే. అయితే శిక్షణ ముగిసినా అదే పద్ధతి కొనసాగితే రికార్డు అర్థం కోల్పోతుంది.

అమెచ్యూర్ బాక్సింగ్‌లో పరిస్థితి వేరు. అక్కడ ప్రత్యర్థిని డ్రా నిర్ణయిస్తుంది. నిజామాబాద్‌కు చెందిన నిఖత్ జరీన్ 2019 డిసెంబరులో జరిగిన ఎంపిక పోటీలో మేరీ కోమ్ చేతిలో 9-1 తేడాతో ఓడింది. 2022లో ఇస్తాంబుల్‌లోనూ, 2023లో న్యూఢిల్లీలోనూ ప్రపంచ ఛాంపియన్‌గా నిలిచింది. పాత ఓటమి ఆ పతకాల విలువను తగ్గించలేదు.

3. అంకెల వెనుక ప్రత్యర్థులు:
హెవీవెయిట్ ఛాంపియన్ రాకీ మార్సియానో 49 పోటీలలో 49 గెలిచి, వాటిలో 43 నాకౌట్లు సాధించి, 1956లో విరమించాడు. 1951లో అతను ఓడించిన జో లూయిస్ వయసు అప్పటికే 37 ఏళ్లు. 1952లో జెర్సీ జో వాల్‌కాట్‌తో పోటీలో మార్సియానో మొదటి రౌండులోనే కిందపడ్డాడు. పాయింట్లలో వెనుకబడి ఉండి 13వ రౌండులో నాకౌట్‌తో టైటిల్ గెలిచాడు. పట్టికలో ఈ రెండూ ఒక్కొక్క విజయమే. కానీ మొదటిదానికంటే రెండవది అతని సత్తాను ఎంతో ఎక్కువగా చాటుతుంది.

ఫ్లాయిడ్ మేవెదర్ 2017లో 50వ విజయంతో మార్సియానో అంకెను దాటాడు. ఆ రోజు అతని ప్రత్యర్థి కోనర్ మెక్‌గ్రెగర్‌కు అదే తొలి వృత్తి బాక్సింగ్ పోటీ. మేవెదర్ ప్రతిభకు నిదర్శనం ఆ 50వ విజయం కాదు. ఆస్కార్ డి లా హోయా, కానెలో అల్వారెజ్ వంటివారిపై సాధించిన గెలుపులే. మానీ పకియావ్‌తో పోటీకి 2009 నుంచి చర్చలు సాగినా అది 2015లో గాని జరగలేదు. అప్పటికి ఇద్దరూ తమ ఉత్తమదశను దాటారు.

సున్నా ఒక్కోసారి న్యాయనిర్ణేతల తీర్పుపైనా ఆధారపడుతుంది. 87 విజయాలతో ఓటమి ఎరుగని హూలియో సెసార్ చావెజ్ 1993 సెప్టెంబరులో పెర్నెల్ విటేకర్‌ను ఎదుర్కొన్నాడు. విటేకరే గెలిచాడని పరిశీలకులలో అధికులు భావించినా ఫలితాన్ని డ్రాగా ప్రకటించారు. కాగితంపై సున్నా మిగిలింది, సందేహమూ మిగిలింది.

4. ఓటమి తెలిపే విషయాలు:
షుగర్ రే రాబిన్సన్‌ను బాక్సింగ్ చరిత్రలోనే మేటిగా ఎందరో పరిగణిస్తారు. అతని ఖాతాలో 19 ఓటములు ఉన్నాయి. మొదటిది 1943 ఫిబ్రవరిలో జేక్ లమోటా చేతిలో ఎదురైంది. అదే నెలలో రాబిన్సన్ అతన్ని ఓడించాడు. ఇద్దరి మధ్య జరిగిన ఆరు పోటీలలో ఐదింటిని గెలిచాడు. ఓటములలో అత్యధికం 1960 తరువాత, వయసు మీరిన దశలోనివి. అవి అతని నైపుణ్యాన్ని కాక, విరమణ ఆలస్యమైన సంగతిని తెలుపుతాయి.

మహమ్మద్ అలీ 1971 మార్చిలో జో ఫ్రేజర్ చేతిలో తొలిసారి ఓడాడు. ఆనాటికి ఇద్దరూ అజేయులే. ఆ తరువాత అలీ ఫ్రేజర్‌ను రెండుసార్లు ఓడించాడు; 1974లో కిన్షాసాలో, 40 పోటీలలో ఓటమి లేని జార్జ్ ఫోర్‌మన్‌ను నాకౌట్ చేశాడు. దెబ్బతిన్న తరువాత లేచి, ఆటతీరును మార్చుకొని గెలవగల శక్తిని అజేయ రికార్డు చూపలేదు. ఓటమి తరువాతి ప్రయాణమే చూపగలదు.

5. ముగింపు:
పై పరిశీలన వల్ల కింది అంశాలు తేలుతున్నాయి.
- అజేయ రికార్డు వ్యర్థమైనది కాదు. ప్రత్యర్థులు బలమైనవారైనప్పుడు అది అరుదైన ఘనత.
- ఎవరిని, వారి ఏ దశలో, ఎంత స్పష్టంగా గెలిచాడు అన్న మూడు ప్రశ్నలకు సమాధానం లేకుండా సున్నాకు సొంత విలువ లేదు.
- ఓటమి కూడా సాక్ష్యమే. అది ఏ వయసులో, ఎవరి చేతిలో వచ్చింది, తరువాత ఏం జరిగింది అన్నవి కలిపి చూడాలి.
- సున్నాకు అతిగా విలువ ఇస్తే, ఒక్కసారి ఓడిన యువ బాక్సరుకు అవకాశాలు సన్నగిల్లుతాయి. గెలుస్తున్నవాడు గట్టి పోటీకి వెనుకాడుతాడు. ఈ రెండింటివల్లా నష్టపోయేది క్రీడే.

కాబట్టి బాక్సరు రికార్డును అతని జీవితానికి తీర్పుగా కాక విషయసూచికగా చదవడం సమంజసం.