తెర వెనుక దీపము

కిరసనాయిలు లాంతరు వెలుగున చదువుకొన్న దినములలో కాంతిని పెంపవలెనన్నను, తగ్గింపవలెనన్నను చేయవలసిన పని యొక్కటియే. ప్రక్కనున్న మరను త్రిప్పిన వత్తి పైకి లేచును, లేదా క్రిందికి దిగును. వ్రేలికిని వత్తికిని నడుమ ఆ చిన్న పండ్లచక్రము తప్ప మఱియొక మధ్యవర్తి లేదు. నేటి లాప్‌టాప్ కంప్యూటరులో సూర్యబింబపు గుర్తు గల మీటను నొక్కినచో తెర వెలుగు హెచ్చును. చూచుట కిదియు నంత సులభముగనే తోచును. కాని యిచ్చట వ్రేలికిని దీపమునకును నడుమ పలువురు పనివారు గలరు. వారిలో నే యొక్కడు పని తప్పినను మీట నొక్కిన ఫలము దక్కదు.

మొదట దీపమెక్కడనున్నదో తెలిసికొందము. పెక్కు లాప్‌టాప్‌ల తెరలు ద్రవస్ఫటికములతో చేయబడినవి. ద్రవస్ఫటికమునకు స్వయంప్రకాశము లేదు. అది కిటికీ రెక్క వంటిది. వెనుకనుండి వచ్చు వెలుగును కొంత విడుచును, కొంత ఆపును. ఆ వెలుగు నిచ్చు దీపములు తెర వెనుక దాగియుండును. తొలినాళ్ల లాప్‌టాప్‌లలో సన్నని ఫ్లోరసెంటు గొట్టములుండెడివి. తరువాత వాని స్థానమున చిన్న చిన్న ఎల్‌ఇడి దీపములు వచ్చినవి. బ్యాటరీలోని విద్యుత్తులో పెద్ద భాగము నీ దీపములే త్రాగివేయును. కావున వెలుగును తగు మాత్రముగా నుంచుట కంటికే గాక బ్యాటరీకిని మేలు.

ఈ దీపముల కాంతిని తగ్గించు విధము వింతయైనది. పూర్వము మన పల్లెలలో చెరువు తూమును తెఱచి మూయువాడు నీరటికాడు. ఒక పొలమునకు సగము నీరే చాలునన్నచో నతడు తూమును సగము తెఱవనక్కఱలేదు. పూర్తిగా తెఱచి, సగము కాలమునకే మూసిన చాలును. పెక్కు తెరలలో నిట్లే జరుగును. ఎల్‌ఇడి దీపమును సెకనునకు వందలు, వేల పర్యాయములు వెలిగించి యార్పుచుందురు. వెలిగియున్న కాలము సగమైనచో కాంతియు సగమగును. పదియవ వంతైనచో కాంతియు పదియవ వంతగును. ఇంత వేగముగా జరుగు మార్పును కన్ను పట్టజాలదు. నిలుకడయైన మందకాంతినే చూచుచున్నట్లు భ్రమించును. వేగము చాలని తెరలను చూచినపుడు కన్నులలసిపోవుచున్నవని చెప్పువారును గలరు.

ఎంతకాలము వెలుగవలెనో నిర్ణయించి, యాజ్ఞ చేరవేయు పని డ్రైవరుది. డ్రైవరనగా బండి నడుపువాడని మనమెఱుగుదుము. కంప్యూటరు విషయమున డ్రైవరనగా ఒక్కొక్క పరికరమును నడుపుట కేర్పడిన చిన్న ప్రోగ్రాము. విండోస్, లినక్స్ వంటి ఆపరేటింగ్ సిస్టములు కంప్యూటరు నంతటిని పాలించును గాని, ఫలానా తెర దీపమునకు తీగ యెటు పోయినదో వానికి తెలియదు. రైతు తాను తూము ముట్టక నీరటికానికి చెప్పినట్లు, ఆపరేటింగ్ సిస్టము డ్రైవరునకు ఒక సంఖ్యను మాత్రమే చెప్పును. లినక్స్‌లో నా సంఖ్య బ్రైట్‌నెస్ అను ఫైలులో వ్రాయబడును. దాని ప్రక్కనే గరిష్ఠ సంఖ్యను దెలుపు వేఱొక ఫైలుండును. గరిష్ఠము 1000 అయిన తెరకు 500 అని వ్రాసినచో దీపము సగము కాలము వెలుగుననుకొనవచ్చును.

డ్రైవరునకు రెండు మార్గములు గలవు. గ్రాఫిక్స్ చిప్పులోని రిజిస్టరులో సంఖ్యను తానే వ్రాయుట యొకటి. కంప్యూటరుతో పుట్టిన ఫర్మ్‌వేరును అడిగి పని చేయించుట రెండవది. ఈ రెండవ మార్గమునకు కట్టుబాట్లను ఏసీపీఐ యను ప్రమాణము నిర్ణయించినది. ఇంటెల్, మైక్రోసాఫ్ట్, తోషిబా సంస్థలు దీనిని 1996లో వెలువరించినవి. దాని ప్రకారము ఫర్మ్‌వేరు తన కాంతి మెట్ల పట్టిక నొసగవలెను. పట్టికలోని మొదటి సంఖ్య గోడ విద్యుత్తుపై నడచునప్పటిది. రెండవది బ్యాటరీపై నడచునప్పటిది.

ఒక్క తూమునకు ఇద్దఱు నీరటికాండ్రున్న నేమగును? లినక్స్ వాడువారికి చాలకాల మీ చిక్కు తప్పలేదు. 2012లో విండోస్ 8 వెలువడిన పిమ్మట వచ్చిన పలు లాప్‌టాప్‌లలో ఫర్మ్‌వేరు మార్గము పేరునకుండెను గాని సరిగా పనిచేయకుండెను. మీట నొక్కినపుడు తెరపై గుర్తు కదలును. వెలుగు మాత్రము కదలదు. ఆజ్ఞ తప్పుడు డ్రైవరునకు చేరుటయే కారణము. 2022లో వచ్చిన లినక్స్ 6.1లో ఒక్క తెరకు ఒక్క డ్రైవరే బాధ్యత వహించునట్లు ఏర్పాటును చక్కదిద్దిరి.

సున్న విషయమున మఱియొక చిక్కు గలదు. కొన్ని యంత్రములలో సున్న యనగా మిక్కిలి మందకాంతి. మఱికొన్నిట దీపము పూర్తిగా నాఱిపోవును. అప్పుడు యంత్రము నడచుచునే యుండును, తెర మాత్రము చీకటి. యజమాని యంత్రము చెడినదని దిగులుపడును. అట్టివేళ టార్చిలైటును తెరపై ఏటవాలుగా వేసి చూడవలెను. మసకగా అక్షరములు కనబడినచో తెర బాగుగనే యున్నది, వెనుక దీపమే వెలుగుట లేదు. కాంతి పెంచు మీటను కొన్ని పర్యాయములు నొక్కిన తెర మరల వెలుగవచ్చును. ఈ యాపదను దలచియే లినక్స్‌లోని సిస్టమ్‌డి యను ప్రోగ్రాము, యంత్రము మరల లేచునపుడు వెలుగు గరిష్ఠములో నూటికి 5 వంతులకు తగ్గకుండ చూచును.

కొన్ని క్రొత్త లాప్‌టాప్‌లలో ఓఎల్‌ఇడి తెరలు వచ్చినవి. అందు వెనుక దీపమే లేదు. ప్రతి చుక్కయు తానే వెలుగును. అచ్చట డ్రైవరు దీపమునకు గాక తెరకే కాంతి సంఖ్యను తెలుపును. పరికరము మాఱినను మీట మాఱలేదు, దానిని నొక్కు వ్రేలును మాఱలేదు. నడుమనున్న డ్రైవరు క్రొత్త పనిని నేర్చుకొనుటచేతనే మనకీ సౌకర్యము నిలిచినది.