మహీంద్రా థార్‌కు అమెరికా రోడ్డు ఎందుకు లేదు?

కర్నూలు నుంచి ఆళ్లగడ్డ, మైదుకూరు మీదుగా కడప దాకా మా పల్లెల్లో జీపంటే మహీంద్రానే. శెనక్కాయ మూటలు, టాపు మీద మనుషులు, వెనక కడ్డీ పట్టుకుని వేలాడే పిల్లోళ్లు... అన్నీ మోసింది.

"మామా, థార్ ఇక్కడ అమ్మరేం?" అని టెక్సాస్ నుంచి మా మేనల్లుడు అడిగినాడు. అక్కడ రోడ్డెక్కాలంటే ఆ దేశపు భద్రతా, పొగ ప్రమాణాలన్నీ నెగ్గాలి. ఆ పరీక్షల ఖర్చు అమ్మకాల్లో రాదనుకుంటే ఏ కంపెనీ దిగదు. అందుకే 2018లో మహీంద్రా 'రాక్సర్'ను పొలాలకు, అడవి దారులకు మాత్రమేనంటూ దించింది. వేగం గంటకు 45 మైళ్లకు కట్టేసింది.

అయినా పేచీ తప్పలేదు. పెట్టెలాంటి ఒళ్లు, చదును పక్కలు, బానెట్‌కు బయటి కొక్కేలు మా జీపువేనని జీప్ బ్రాండున్న ఫియట్ క్రైస్లర్ అమెరికా అంతర్జాతీయ వాణిజ్య కమిషన్‌కు ఎక్కింది. 2020 జూన్‌లో కమిషన్ అమ్మకాలు ఆపమంది. రూపు మార్చిన మోడల్‌కు డిసెంబరులో ఊరట దొరికింది. 1947 నుంచి విల్లిస్ జీపులు బిగించిన కంపెనీకి ఈ తిప్పలేమిటని నా బాధ. చట్టం వరస వేరు.

సుజుకీ జిమ్నీది ఇంకో కథ. గురుగ్రామ్‌లో చేసిన ఐదు తలుపుల బండి జపాన్‌కు పోతోంది. యూరప్‌లో మాత్రం అమ్మిన బండ్ల కార్బన్ సగటు హద్దు దాటితే కంపెనీకి జరిమానా. దాంతో అక్కడ ప్యాసింజర్ జిమ్నీ ఆగిపోయింది.

విదేశీ బండి మీద మనసుపడే మా కుర్రోళ్లకొక మాట: ఎడమ స్టీరింగ్ బండిని మన దగ్గర మామూలుగా రిజిస్టర్ చేయరు. అడ్వాన్సు ఇచ్చేముందే ఆర్టీవో ఆఫీసులో కనుక్కోండి.