వైన్ సాఫ్టువేరు

వైన్ అనేది విండోసు కొరకు తయారైన ప్రోగ్రాములను లినక్సులో నడుపుటకు ఉపకరించే స్వేచ్ఛా సాఫ్టువేరు. దీని అభివృద్ధి 1993లో మొదలైంది. 1994 నుండి అలెగ్జాండర్ జూలియార్డ్ సారథ్యం వహిస్తున్నాడు. 1.0 కూర్పు వెలువడటానికి 2008 వరకు, అనగా పదిహేనేళ్ళు పట్టింది.

"వైన్ ఎమ్యులేటరు కాదు" అనే అర్థమిచ్చే ఆంగ్ల వాక్యపు పొడి అక్షరాలే దీని పేరు. ఇది యంత్రాన్ని అనుకరించదు; విండోసును స్థాపించవలసిన పని కూడా లేదు. ప్రోగ్రాము విండోసును కోరే ప్రతి పనినీ మధ్యలో అందుకొని లినక్సు చేత చేయిస్తుంది. ప్రోగ్రాముకు కనబడే "సి" డ్రైవు నిజానికి వాడుకరి ఫోల్డరులో దాగిన మరొక ఫోల్డరే.

అయితే అన్నీ నడవవు. సొంత డ్రైవరు అవసరమైన ప్రోగ్రాములు, ముఖ్యంగా యూఎస్‌బీ తాళంతో పనిచేసేవి, సాధారణంగా మొరాయిస్తాయి. తెలుగు డీటీపీకి మరో చిక్కు ఉంది. పేజ్‌మేకరులో అను ఖతులతో కూర్చిన పాత పుస్తకాల పాఠ్యం యూనికోడులో ఉండదు. వైన్‌లో పేజ్‌మేకరు తెరుచుకున్నా, ఆ ఖతులు లేనిదే తెలుగుకు బదులు అర్థం కాని గుర్తులు కనబడతాయి. దిద్దుబాట్లకు కీబోర్డు ప్రోగ్రాము కూడా పనిచేయాలి. కావున విండోసు యంత్రం అందుబాటులో ఉండగానే పాఠ్యాన్ని యూనికోడులోకి మార్చి, అచ్చుప్రతితో సరిచూచి భద్రపరచుకోవడం మేలు.