సారథి లేని బండి – నమ్మిక

నేటి విషయము, సారథి లేకయే నడచు మోటారు బండి. దానికి కన్నులు కెమెరాలును, రాడారును, బుద్ధి కంప్యూటరు. ఎదుట నున్నది మనిషియో, ఎద్దో, చెట్టో గుర్తించి, అది యెటు కదలునో యూహించి, బ్రేకు వేయవలెనా, ప్రక్కకు తిరుగవలెనా యని యంత్రమే నిర్ణయించును. అట్టి బండిని నమ్మవచ్చునా?

నమ్మిక యెట్లు కలుగునో గోదావరిఖని, రామగుండము ప్రాంతముల వారు ఎఱుగనిది కాదు. భూగర్భ గనిలో మైనింగు సర్దారు పైకప్పును కఱ్ఱతో తట్టి శబ్దము వినును. మండెడు వాయువు ఉన్నదేమో పరీక్షించును. కనుగొన్నది పుస్తకమున వ్రాసి సంతకము చేయును. అపాయము తోచినచో ఆ చోటికి ఎవ్వరిని పోనీయడు. కార్మికుడు నమ్మునది పైకప్పును గాదు. ఆ పరీక్షను, ఆ సంతకమును.

భారతమున ఋతుపర్ణుడు బక్క గుఱ్ఱములను చూచి సందేహింపగా, బాహుకుడు కోపింపక వాని సులక్షణములను వివరించెను. సందేహించుట రాజునకు తప్పు కాలేదు. వివరించుట సారథికి చిన్నతనము కాలేదు.

2018 మార్చిలో అమెరికాలోని టెంపీ పట్టణమున, పరీక్షకై తిరుగుచున్న యిట్టి బండి, రాత్రివేళ సైకిలు నడిపించుకొనుచు త్రోవ దాటుచున్న యొక స్త్రీని గ్రుద్ది చంపెను. యంత్రము ఆమెను అయిదు సెకండ్లకు ముందే కనిపెట్టియు, మనిషియని గుర్తింపలేక, ఒకమారు బండి యనియు ఒకమారు సైకిలనియు భ్రమించెనని విచారణలో తేలెను. కాపలాకు లోపల కూర్చున్న మనిషి చూపు త్రోవపై లేదు. ప్రభుత్వ విచారణ సంఘము ఈ దోషములను 2019లో బహిరంగముగ ప్రకటించెను. దాచిన దోషము మఱియొకరి ప్రాణము తీయును, వెల్లడించినది దిద్దబడును.

ఆస్ట్రేలియాలోని పిల్బరా ఇనుప గనులలో 2008 నుండి సారథి లేని డంపర్లు నడచుచున్నవి. అచ్చట బాటసారులు అడ్డుపడరు. మన రాజీవ్ రహదారి అట్టిది కాదు. బొగ్గు లారీలు, ఎడ్లబండ్లు, మేకల మందలు, బతుకమ్మల నెత్తుకొని పోవు స్త్రీలు – వీరందఱిని యంత్రము మన నేలమీదనే నేర్వవలయును. సంగారెడ్డి జిల్లా కందిలో హైదరాబాదు ఐ.ఐ.టి. వారి 'టిహాన్' పరీక్షాక్షేత్రము 2022 జూలైలో ప్రారంభింపబడుట అందుకే మేలు.

కావున అట్టి బండి మన యూరికి వచ్చినచో పెద్దలు మూడు ప్రశ్నలు అడుగవలయును. ఎట్టి త్రోవలలో పరీక్షించితిరి? అపాయవేళ ఆపువా రెవరు? కీడు జరిగినచో బాధ్యత యెవరిది? సమాధానము సంతకముతో వచ్చువఱకు బండి పరీక్షాక్షేత్రముననే యుండుట మేలు.